ఐదాటలకే ఆశ ఇడ్సిపెడ్తమా?

మొన్న ఐతారం రాత్రి ఉప్పల్ల ఆట అయిపోయినంక మెట్రో ఎక్కినం. స్టేడియం స్టేషన్ల ఎక్కితే ఎన్జీఆర్ఐ, హబ్సిగూడ, ఆ తర్వాత మా తార్నాక. మూడే స్టేషన్లు. పోయేటప్పుడు డబ్బ నిండ ఆరెంజ్ అంగీలు, ఈలలు, లొల్లి. అచ్చేటప్పుడు గవే అంగీలు గాని ఒక్కల నోట్ల మాట లేదు. మా ముందు ఏడెనిమిదేండ్ల పిలగాడు జెండ సుట్టి సంకల పెట్టుకొని వాళ్ల నాయినను అడిగిండు: "డాడీ, ఇగ మనం అవుటేనా?" ఆయన కిటికీ దిక్కు సూసిండు. నేను ఫోన్ దిక్కు సూసిన. పిలగానికి ఎవ్వలం జవాబియ్యలే.

నేను ఓయూల ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ సదువుతున్న. మాది జనగామ దిక్కు పల్లె. లెక్కలు సదివేటోన్ని, పైంగ సన్‌రైజర్స్ ఫ్యాన్‌ను, గా పిలగానికి జవాబు సెప్పుడు నా పనే అనిపించింది. రెండు రోజులు కూసోని లెక్క తీసిన. ఊర్లల్ల ఫోన్ పట్టుకొని పాయింట్ల పట్టిక దిక్కు సూసుకుంట పరేషానయితున్న తమ్ముండ్లకు కూడ పనికొస్తదని రాస్తున్న.

ముందుగాల ఏం జరిగిందో ఒకసారి యాది జేసుకుందాం. మార్చి 23, ఐతారం, ఉప్పల్. రాజస్థాన్ మీద మనోళ్లు 286 కొట్టిన్రు. ఐపీఎల్‌ల గిది రెండో పెద్ద స్కోరు. మొదటిది కూడ మనదే, పోయిన ఏడు బెంగళూరు మీద కొట్టిన 287. ఇషాన్ కిషన్ మనకు ఆడిన మొదటి ఆటల్నే 47 బంతులల్ల 106 కొట్టి అవుట్ గాకుండ నిలవడ్డడు. ఆర్చర్ నాలుగు ఓవర్లల్ల 76 ఇచ్చిండు. ఐపీఎల్‌ల ఒక్క బౌలర్ అన్ని పరుగులు ఎన్నడియ్యలే. ఆ రాత్రి క్యాంపస్‌ల ఏ హాస్టల్ ముందట సూసినా ఒకటే ముచ్చట: 300 ఎప్పుడు? కొడ్తరా కొట్టరా అని కాదు, ఎప్పుడు అని.

నాలుగు రోజులకు బేస్తారం నాడు లక్నో అచ్చింది. మనం 190 చేస్తే వాళ్లు 16.1 ఓవర్లల్ల కొట్టేసిన్రు. పూరన్ 26 బంతులల్ల 70. వేలంల ఎవ్వలు కొనని శార్దూల్ ఠాకూర్, ఇంకోని జాగల అచ్చి నాలుగు వికెట్లు తీసిండు. మార్చి 30 ఉగాది. పొద్దుగాల పచ్చడి తాగి, పంచాంగంల మన రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని సూసుకొని, పగటీలి మూడున్నరకు టీవీ ముందట కూసున్నం. విశాఖల ఢిల్లీ మీద 163కు ఆలౌట్. స్టార్క్‌కు ఐదు వికెట్లు. ఏప్రిల్ 3 కోల్‌కతాల 120కి ఆలౌట్, 80 పరుగులతోని ఓటమి. ఏప్రిల్ 6 శ్రీరామనవమి. పానకం తాగి ఉప్పల్‌కు పోతే గుజరాత్ మీద 152. వాళ్లు 16.4 ఓవర్లల్ల పని ఒడగొట్టిన్రు. ఉగాదికొకటి, నవమికొకటి, పండుగ పండుగకు ఒక ఓటమి.

పిలగాని సవాలుకు వస్త. ఐదాటల్ల ఒక్కటి గెలిస్తే అవుటేనా?

ఒక పైస బిళ్ల తీస్కోన్రి. బొమ్మ వడితే గెలుపు, బొరుసు వడితే ఓటమి. ఐదుసార్లు ఎగరేస్తే 32 తీర్ల పడొచ్చు. అండ్ల వరుసగ నాలుగు గాని, ఐదు గాని బొరుసులు పడేటియి మూడు తీర్లు. నూటికి తొమ్మిది అన్నట్టు. ఐపీఎల్‌ల జట్లు పది. అంటే జట్లన్ని సమానంగున్నా, ఎవ్వలిది ఏ తప్పు లేకున్నా, మొదటి ఐదాటల్ల పది జట్లల్ల ఒక జట్టుకు ఇట్ల వరుస దెబ్బలు తగులుడు మామూలే. ఐదాటల్ల ఒక్కటో, అది గూడ లేకనో ఉండేటియి 32ల ఆరు తీర్లు. పదిల రెండు జట్ల గతి గట్లుంటది. ఈ ఏడు ఇప్పటికే మూడున్నయి. నిన్న రాత్రి చెన్నై పంజాబ్ చేతుల ఓడిపోయి మన పక్కకచ్చి కూసుంది. సోమారం ముంబై అచ్చింది. గా రెండు జట్లయి కలిపితే పది కప్పులు. మనం వడ్డ గుంతల మనకంటె పెద్దోళ్లే ఉన్నరు.

గీడికి ఆపితే మా సార్లు నా మార్కులు కోస్తరు. ఎందుకంటే ఆట పైస బిళ్ల కాదు. గెల్సినమా ఓడినమా అనేదానికంటె ఎంత తేడతోని ఓడినం అనేదే ఎక్కువ సంగతి సెప్తది. ఆఖరి బంతికి ఓడితే దురదృష్టం అనుకోవచ్చు. మనం గట్ల ఓడలే. లక్నో ఇంక 23 బంతులుండంగనే గెల్సింది, ఢిల్లీ 24 ఉండంగ, గుజరాత్ 20 ఉండంగ. కోల్‌కతా ముచ్చట సెప్పనే సెప్పిన. నాకు ఫికర్ అయితున్నది గిండ్లనే, ఓటముల లెక్కల కాదు.

గీ తేడ మొత్తం కుప్ప పోసి సూపించేదే నెట్ రన్ రేట్. మస్తు మందికి గిది అర్థం గాదు. నాకు గూడ డిగ్రీల అర్థం కాకపోయేది. సేను లెక్కల సెప్త. మనకు ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు ఎల్లినయి, పక్కోనికి ఎకరానికి ఎన్ని ఎల్లినయి, రెండిటి నడుమ తేడ. గంతే. ఇక్కడ ఎకరం అంటే ఓవర్, క్వింటాలంటే పరుగు. ఒక్క మెలిక ఉన్నది. ఆలౌట్ అయితే ఆడిన ఓవర్లు కాదు, మొత్తం 20 ఓవర్లు లెక్కల పడ్తయి. నడుమల పంట ఎండిపోయి సగం సెల్కనే కోసినవనుకో, నువ్వు దున్నింది మొత్తం కాబట్టి భాగారం మొత్తం ఎకరాల మీదనే. కోల్‌కతాల మనోళ్లు 16.4 ఓవర్లకే మూట సర్దుకున్నా, రాసుకునేటోళ్లు 20 అనే రాసుకుంటరు.

ఇగ మన లెక్క. కొట్టినయి 286, 190, 163, 120, 152. మొత్తం 911 పరుగులు, 100 ఓవర్లు. ఓవర్‌కు 9.11. మనమిచ్చినయి 242, 193, 166, 200, 153. మొత్తం 954. గాని వాళ్లు జల్ది జల్ది ఒడగొట్టుకున్నరు గద, ఓవర్లు 88, ఇంకో ఐదు బంతులే. ఓవర్‌కు 10.74. తేడ మైనస్ 1.63. పరుగులల్ల సూస్తే మొత్తం మీద 43 పరుగులే ఎనకబడ్డం. అయినా పట్టికల అడుగుకు పోయినం, ఎందుకంటే అవుతలోళ్లకు గా పరుగులు కొట్టనీకి పదకొండు ఓవర్లు తక్కువ పట్టినయి.

మల్ల గిదే లెక్క ఆశ గూడ సూపెడ్తది. శనారం పంజాబ్ మీద మనం 220 కొట్టి వాళ్లను 170 కాడ ఆపినమనుకోన్రి. 911కు 220 కలుపున్రి, 954కు 170 కలుపున్రి, భాగారం చేయున్రి. మైనస్ 1.63 కాస్త మైనస్ 0.90కి అస్తది. ఒక్క రాత్రిల గింత. సీజన్ మొదట్ల పట్టిక ఎంత జల్ది కిందికి గుంజుతదో, గంత జల్ది పైకి గూడ లేపుతది. ఆడింది తక్కువ కాబట్టి ఒక్కొక్క ఆటకు బరువెక్కువ. మే నెలల గిట్ల కాదు, అప్పుడు 50 పరుగుల గెలుపుకు గూడ సూది మొనంతే కదుల్తది.

ఇంక తొమ్మిది ఆటలున్నయి. నాలుగు ఉప్పల్ల, ఐదు బయట. మామూలుగ 16 పాయింట్లుంటే మొదటి నాలుగు జట్లల్ల చోటు ఖాయం అంటరు. మనకు రెండున్నయి. ఇంకో ఏడు గెలవాలె. 14తోని పోయిన సందర్భం గూడ ఉన్నది, అది మన కండ్ల ముందటనే అయింది. పోయిన ఏడు బెంగళూరు మొదటి ఎనిమిదాటల్ల ఒక్కటే గెల్సింది. వాళ్ల మీద జోకులేసుకుంట మనం ఎంత నవ్వినం! ఏప్రిల్ 25న ఉప్పల్‌కు అచ్చి మనల్నే 35 పరుగులతోని ఓడగొట్టిన్రు. ఆన్నుంచి వరుసగ ఆరు గెల్సి, 14 పాయింట్లతోని, చెన్నై కంటె జర్రంత మంచి రన్ రేట్ ఉండెపటికి లోపటికి పోయిన్రు. నవ్వినోళ్లం మనమే, తొవ్వ సూపించింది మనమే.

ముంబై 2015ల మొదటి నాలుగు ఓడి కప్పు కొట్టింది. కోల్‌కతా 2014ల మొదటి ఏడాటల్ల రెండే గెల్సి, తర్వాత ఫైనల్‌తోని కలిపి తొమ్మిది వరుసగ గెల్సింది. మనమే 2016ల కప్పు తెచ్చినప్పుడు మొదటి రెండు ఓడినం, అండ్ల ఒకటి ఉప్పల్నే. మూడో ఆటల ముంబైని కొట్టినం. ఆ ఏడు వార్నర్ 848 పరుగులు చేసిండు, ఫైనల్ల ఎనిమిది పరుగులతోని గట్టెక్కినం. ఉల్టా కత గూడ ఉన్నది. 2009ల దక్కన్ ఛార్జర్స్ మొదటి నాలుగు ఆటలు గెల్సింది. లీగ్ అయిపోయేసరికి ఏడు గెలుపులు, ఏడు ఓటములు. కష్టంగ నాలుగో స్థానం. అయినా ఆఖరికి కప్పు వాళ్లదే. ముందటేడు 2008ల గదే జట్టు 14ల రెండే గెల్సి అందరికంటె అడుగున ఉండె.

గీ ముచ్చట్లన్ని ఒక్కకాడ పెడితే అందరు ఓడి గెలిచినట్టే కనవడ్తది. అది మోసం. మొదట్ల ఓడి ఆఖరికి గూడ ఓడినోళ్లే ఎక్కువ, వాళ్ల ముచ్చట ఎవ్వలు యాది పెట్టుకోరు గంతే. గందుకే నేను తొవ్వ ఉన్నది అంటున్న గాని గెలుస్తం అంటలేను.

మా డిపార్ట్‌మెంట్ కాడ రీసెర్చ్ చేసే పెద్దన్న ఒకాయన ఉంటడు. ఛాయ్ తాగుకుంట నేను మైనస్ 1.63 అని ఏడుస్తుంటే ఆయన నవ్విండు. "మీకు ఉప్పల్ల ఆటలన్న ఉన్నయిరా తమ్మి. మాకు 2010ల గవి గూడ లెవ్వు" అన్నడు. నిజమే, మా వయసోళ్లకు చానమందికి తెల్వది. 2009 ఆఖర్ల తెలంగాణ లొల్లి షురువైంది. మా ఆర్ట్స్ కాలేజీ ముందటి మైదానమే దానికి గుండెకాయ. క్యాంపస్ చుట్టు కంచెలు, పోలీసులు, బాష్పవాయువు. ఆ పరిస్థితిల 2010 ఐపీఎల్‌ల హైదరాబాద్ జట్టుకు హైదరాబాద్ల ఒక్క ఆట గూడ లేకుండె. సొంత ఆటలన్ని నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైకి పోయినయి. పైన కప్పు గెల్సిన జట్టు, దానికి ఇల్లే లేదు. మొదటిది ఓడిన్రు, మూడు గెల్సిన్రు, మల్ల వరుసగ ఐదు ఓడిన్రు. ఇగ అయిపోయింది అనుకున్నప్పుడు ఆఖరి ఐదు వరుసగ గెల్సి సెమీస్‌కు పోయిన్రు. "పగలు ధర్నా, రాత్రి స్కోరు. రెండిటికి ఆశ ఒకటే తీరుగుండె" అన్నడు అన్న. గా మాట మీద ఇద్దరం కాసేపు సప్పుడు చేయలే.

ఈ ఏడు గూడ ఇల్లు పోతదేమో అనే భయం ఒకటి అచ్చిపోయింది. మార్చి ఆఖర్ల ఉచిత పాసుల కాడ వేధిస్తున్నరని సన్‌రైజర్స్ వాళ్లు హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్‌కు లేఖ రాసిన్రు, గిట్లయితే వేరే ఊరికి పోతమన్నరు. అసోసియేషన్ వాళ్లు ఆరోపణ ఒప్పుకోలే. ఏప్రిల్ 1న కూసోని మాట్లాడుకున్నరు, పాత పద్ధతిల్నే 3,900 పాసులు అని తేలింది. సర్కార్ విజిలెన్స్ విచారణ గూడ ఏసింది. ఎవ్వలిది తప్పో ఆ విచారణ తేలుస్తది. పాసులు మా హాస్టల్ దాక ఎన్నడు రాలే కాబట్టి నేను తీర్పు చెప్ప.

ఇగ సిరాజ్ ముచ్చట. ఐతారం నాడు మనల్ని ముంచింది మనోడే. ఆటో నడిపిన తండ్రి కొడుకు, మన హైదరాబాద్ గల్లీల పెరిగినోడు. 2017ల మొదటిసారి ఐపీఎల్‌ల ఆడింది సన్‌రైజర్స్‌కే. తర్వాత ఏడు ఇడ్సిపెట్టినం. బెంగళూరుల ఏడేండ్లు ఆడి, ఇప్పుడు గుజరాత్‌కు 12.25 కోట్లకు పోయిండు. మొదటి ఓవర్లనే హెడ్‌ను పంపిండు. అభిషేక్‌ను తీసి ఐపీఎల్‌ల వంద వికెట్లు నింపుకున్నడు. ఆఖరికి 17 పరుగులకు నాలుగు. నా పక్క కుర్సీల కూసున్న ముసలాయన ప్రతి వికెట్‌కు నెత్తి పట్టుకునుడు, మల్ల సప్పట్లు కొట్టుడు. "ఏం జేస్త బిడ్డా, ఇద్దరు మనోళ్లే" అన్నడు. ముంబైల తిలక్ వర్మ గూడ మనోడే. మన జట్టుల మాత్రం తెలుగు మాట ఇనాల్నంటే విశాఖ పిలగాడు నితీశ్ రెడ్డే దిక్కు. జట్టు పేరుల ఊరుంటది, జట్టుల ఊరోళ్లుండరు. ఓడినప్పుడే గిది ఎక్కువ కుచ్చుకుంటది, గెల్సినప్పుడు ఎవ్వలం అడగం. అది మన తప్పు గూడ.

నాకు అసలు ఫికర్ ఎక్కడంటే, ముందటి ముగ్గురు. హెడ్ ఐదాటల్ల 148. కిషన్ 127, అండ్ల 106 మొదటి రోజువే, మిగిలిన నాలుగాటల్ల 21. అభిషేక్ ఐదాటల్ల 51. బౌలింగ్‌ల పదకొండేండ్లు మోసిన భువనేశ్వర్ బెంగళూరుకు, నటరాజన్ ఢిల్లీకి పోయిన్రు. అయినా అభిషేక్ మీద నాకు ఇంక నమ్మకం ఉన్నది. పోయిన ఏడు 484 పరుగులు, 42 సిక్సర్లు కొట్టినోడు. ఒక సీజన్ మొత్తం ఒకదిక్కు, ఐదు ఇన్నింగ్స్ ఒకదిక్కు తక్కెట్ల పెడితే ఏది బరువో మీరే సెప్పున్రి. "కాటేరమ్మ కొడుకులు" అని మనమే మీమ్స్ చేసినం, మనమే పది రోజులకు తిట్టుడు షురువు చేసినం.

ఇంక ఒక ముచ్చట సెప్పాలె. రాయాల్నా వద్దా అని జర ఆలోచన చేసిన.

మా ఊరి తమ్ముడొకడు తార్నాకల రూమ్ తీస్కొని గ్రూప్స్‌కు సదువుతున్నడు. మార్చిల గ్రూప్-2 ర్యాంకులు అచ్చినంక నారాజ్‌గుండె. 286 కొట్టిన రాత్రి ఆని మొకంల వెలుగు నేనే సూసిన. లక్నో ఆట నాడు ఫోన్ చేసి "అన్నా, ఇయ్యాల 250 పక్కా అన్నా" అన్నడు. ఉత్తగ అంటుండనుకున్న. ఒక యాప్‌ల పైసలు పెట్టిండని అప్పుడు నాకు తెల్వది. అవి పోయినయి. పోయినయి రావాల్నని ఉగాది నాడు రెండింతలు పెట్టిండు. అవి పోయినయి. కోల్‌కతా ఆటకు దోస్తుల కాడ అప్పు తెచ్చిండు. మొత్తం 14 వేలు. అండ్ల సగం వాళ్ల బాపు కోచింగ్ ఫీజుకు పంపినయి. నవమి నాడు ఆటకు రారా, టికెట్ నేను కొన్న అంటే అప్పుడు సెప్పిండు ఈ కత. "నాకు ఆట సూడబుద్ధి అయితలేదన్నా. ఒక్కొక్క వికెట్ పడుతుంటే బాపు యాదికొస్తుండు."

గా యాప్‌ల లెక్క గూడ సూడున్రి. రెండు దిక్కుల సమానంగ ఉన్న పందానికి వంద పెడితే, గెలిస్తే 190 ఇస్తడు అనుకుందాం. సగం సార్లు గెలిచినా సగటున నీకచ్చేది 95. అంటే ప్రతి వందకు ఐదు రూపాయలు వాడు ముందే గుంజుకున్నడు. నీకు ఆట ఎంత తెల్సినా ముందుగాల గా ఐదు దాటాలె. సీజన్ మొదట్ల ఇంక ఘోరం. ఒక్క ఆట సూసి ఊరంత 300, 300 అంటుంటే, గా ఆశను సూసే వాడు రేటు పెడ్తడు. మా తమ్ముడు కొన్నది గెలిచే అవకాశం కాదు, ఊరంత మోస్తున్న ఆశ, అది గూడ పిరం రేటుకు. మన రాష్ట్రంల 2017 నుంచే ఆన్‌లైన్ల పైసలు పెట్టి ఆడుడు నేరం. మొన్న మార్చిల ఈ యాప్‌లకు ప్రచారం చేసినోళ్ల మీద కేసులు పెట్టిన్రు, సిట్ వేస్తమని సర్కార్ చెప్పింది. అయినా ఆని ఫోన్ల గా యాప్ ఇంక పనిచేస్తనే ఉండె. మొన్న నా ముందటనే తీసేయించిన. దోస్తుల అప్పు నెలకింత తీరుద్దామని మాట్లాడుకున్నం. బాపుకు సెప్పుడు మాత్రం ఇంక కాలే.

శనారం రాత్రి ఏడున్నరకు ఉప్పల్ల పంజాబ్ ఆట. నిన్న రాత్రి చెన్నై మీద గా కొత్త పోరడు ప్రియాంశ్ ఆర్య 42 బంతులల్ల 103 కొట్టుడు సూసినంక కడుపుల జర ఇట్లనే ఉన్నది. వాళ్లు మస్తు ఊపుల ఉన్నరు. మనోళ్ల బౌలింగ్ ఇట్లనే ఉంటే 240 గూడ ఇస్తరు. గాని ఉప్పల్ పిచ్ మీద మన ముందటి ముగ్గురిల ఒక్కడు పది ఓవర్లు నిలవడ్డా ఆట ఏరే తీరుగుంటదని నాకు అనిపిస్తనే ఉన్నది. లెక్కల పుస్తకంల గిది లేదు.

ఈసారి టికెట్‌కు పైసలు లెవ్వు. హాస్టల్ టీవీ రూమ్‌ల ముందు వరుసల రెండు కుర్సీలకు తువ్వాల ఏసి పెట్టాలె, లేకుంటే ఆరింటికే నిండుతయి. నిన్న పొద్దుగూకి తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, శనారం వస్త. ఫోన్ రూమ్‌ల పెట్టి వస్త" అన్నడు. ఛాయ్ పైసలు నావే అని సెప్పిన.